కోసాడీహ్ వెళ్ళేవాళ్ళకి

విజయనగరం,
జూన్ రెండో వారం.

వాసుదేవరావు మావయ్యకి,

భాగ్యరేఖ నమస్కారాలు. ఫోను చేస్తే నీ చెముడుకి నేను అరవాలి. నేను అరిస్తే మా వీధి, నువ్వు అరిస్తే మీ రుఆబాంధా సెక్టారు నా ఇంటి సంగతులు వింటాయి. అందుకని ఈ ఉత్తరం.

నీలిమ మాట నీ చెవిన పడే ఉంటుంది. దుర్గ్‌లో పశువుల డాక్టరీ చదువుతానంటే పంపాను. చదువయ్యాక అక్కడే ఉద్యోగమంటే సరేనన్నాను. ఇప్పుడు కోసాడీహ్ అనే పల్లెలో ఖిలేశ్వర్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంటోంది. గేదెల పాడి, టమాటా తోట ఉన్నాయట. వాళ్ళ భాష వేరు, కులం వేరు, తిండి వేరు. దాని నాన్న పోయినప్పటి నుంచి దాన్ని నేనొక్కదాన్నే పెంచుకొచ్చాను, నీకు తెలుసు.

నేను అవుననలేదు, కాదనలేదు. ముందు ఆ ఊరు చూస్తాను, ఆ ఇంట్లో రెండు రోజులుంటాను, ఆ తర్వాతే నా మాట అన్నాను. "సరేనమ్మా. నువ్వు చూసి వొద్దంటే నేను చేసుకోను" అంది. పోట్లాడి ఉంటే బాగుండేది. ఆ ఒక్క మాటతో బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలోంచీ ఆ ఊరికి తిరుగుతున్నావు కదా. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎలా వెళ్ళాలి, ఎలా మసలుకోవాలి, ఏం చేస్తే తప్పు, అన్నీ రాయి. కథలు తగ్గించి రాయి.

నీ మేనకోడలు,
భాగ్యరేఖ.


రుఆబాంధా, భిలాయి,
జూన్ చివర.

అమ్మా రేఖా,

కథలు తగ్గించమన్నావు. ఉప్పు తగ్గించమని మొన్ననే డాక్టరు చెప్పాడు, తగ్గించాను. ఒకే నెలలో రెండూ తగ్గిస్తే మనిషి బతకడు. కాబట్టి ఓపిక పట్టు.

ముందు దారి. రైల్లో వస్తే రాయపూర్ దాటాక పవర్ హౌస్ స్టేషను వస్తుంది. అక్కడ దిగకు. దిగితే మీ అత్త అప్పలనర్సమ్మ నిన్ను మార్కెట్టులోకి లాక్కుపోతుంది, సాయంత్రానికి నీ చేతిలో మూడు చీరలుంటాయి, కోసాడీహ్ మాత్రం ఉండదు. నేరుగా దుర్గ్‌లో దిగు. కచేరీల పక్కనుంచి శివనాథ్ నది వైపు వెళ్ళే బస్సెక్కు. కండక్టరుకి ఊరి పేరు చెబితే చాలు, దింపేచోట దింపుతాడు. అక్కణ్ణుంచి గట్టు మీద నడక. గొడుగు ఉంచుకో.

ఊరు కనబడగానే నీకు నీలం రంగు కనబడుతుంది. గోడలకి కింద తెల్లమట్టి, పైన నీలిమందు కలిపిన సున్నం. ఏటా దీపావళి ముందు ఆడవాళ్ళే పూస్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఆకాశం ఇక్కడికి దిగి గోడకి చేరగిలబడిందేమో అనుకున్నాను. అప్పటికి నా వయసు ఇరవై నాలుగు. రోలింగ్ మిల్లులో క్రేను తోలేవాణ్ణి. రోజంతా ఎర్రగా కాలిన ఇనుమే చూసే కళ్ళకి ఆ నీలం ఎంత చల్లగా ఉండేదో నీకు చెప్పలేను. ఆరో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ, చూసి నేర్చుకునే అలవాటు నన్ను వదల్లేదు. ఆ అలవాటే ఆదివారాల్లో ఆ ఊరికి లాక్కుపోయేది.

ఇంటి ముందు నిలబడి పిలవకు. నువ్వొచ్చిన సంగతి నీకంటే ముందు వాళ్ళకి తెలుస్తుంది. ఒకరు లోటాతో నీళ్ళు తెచ్చి నీ కాళ్ళ దగ్గర పెడతారు. కాళ్ళు కడుక్కో. నీళ్ళు రాకముందు వచ్చిన పని చెప్పకూడదు. వచ్చాక కూడా చెప్పకూడదు. వాన సంగతి, వరి సంగతి, మీ ఊరి వాన సంగతి అయ్యాక, ఎవరో ఒకరు "ఇంకేటి సంగతులు" అన్నట్టు తలాడిస్తారు. అప్పుడు చెప్పొచ్చు.

పొద్దున్నే బాసీ పెడతారు. రాత్రి అన్నం నీళ్ళలో పోసి ఉంచినది, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పక్కన. మన చద్దన్నానికి తోబుట్టువు. తేడా ఒక్కటే. మనం ఇంట్లో చద్దన్నం తిని వీధిలో ఇడ్లీ తిన్నామని చెబుతాం. వాళ్ళు తిన్నది తిన్నట్టు చెబుతారు.

ఇంకొకటి, జాగ్రత్తగా చదువు. ఈ వైపు మేనమామ మేనకోడలి కాళ్ళకి దండం పెడతాడు. కౌసల్యాదేవి ఇక్కడి ఆడపడుచట, రాముడు వీళ్ళకి మేనల్లుడట, అందుకని మేనల్లుడూ మేనకోడలూ దేవుడితో సమానం. అంటే ఇక్కడి లెక్కన నేను నీ కాళ్ళకి మొక్కాలి. మోకాళ్ళు ఒప్పుకోవు, ఇక్కణ్ణుంచే మొక్కానని అనుకో. మన వైపు మేనమామనే పెళ్ళాడే ఆచారం ఉందని మాత్రం అక్కడ పొరపాటున కూడా అనకు. నేనన్నాను. మా అమ్మ తన మేనమామనే చేసుకుందని ఒకావిడతో చెప్పాను. చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. రెండు ఆదివారాలు నాకేసి చూడలేదు. మూడో ఆదివారం చూసి, "మీ నాన్న మంచివాడేనా?" అంది. మంచివాడే అన్నాను. "పోనీలే" అని అన్నం వడ్డించింది. ఆ ఊరి గొప్పంతా ఆ "పోనీలే"లో ఉంది.

మీ మావయ్య,
వాసుదేవరావు.


విజయనగరం,
జూలై మొదటి వారం.

మావయ్యకి,

ఉత్తరం అందింది. రెండు కాగితాల దారికి నాలుగు కాగితాల కథ. అయినా మళ్ళీ చదువుకున్నాను.

నిన్న నీలిమ ఫోను చేసి, "అమ్మా, వాళ్ళింట్లో పెయ్యదూడకి నీ పేరు పెట్టేరే. రేఖా అంటే పరిగెత్తుకొస్తాది" అంది. నన్ను మంచి చేసుకోవడానికి చెప్పిందో, ఏడిపించడానికి చెప్పిందో తెలియలేదు. నేను ఎవరు పిలిచినా పరిగెత్తుకెళ్ళే రకం కానని చెప్పాను.

ఒక్క సంగతి అడగాలి. ఆ ఊళ్ళో ఎవరికైనా "కాదు" అని చెప్పాలంటే ఎలా చెబుతారు? ఎదుటివాళ్ళ మనసు నొవ్వకుండా, మాట నా మీదికి రాకుండా. ఊరికే, తెలుసుకుందామని.

భాగ్యరేఖ.


రుఆబాంధా, భిలాయి,
జూలై మూడో వారం.

అమ్మా రేఖా,

"కాదు" అనడం ఆ ఊరికి రాదు. "దేఖబో" అంటారు. చూద్దాం అని. ఒక ట్రాక్టర్ల కంపెనీ ఏజెంటు నా కళ్ళముందే ఏళ్ళ తరబడి ఆ "చూద్దాం" విన్నాడు. ట్రాక్టరు ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇప్పుడతను ఆ దారిన పోతే ఆగి టీ తాగి, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో అడిగి వెళ్తాడు. కాదు అనిపించుకోని మనిషికి కోపం రావడానికి సందుండదు చూడు.

ఊరికే అడిగానన్నావు. ఊరికే చెబుతున్నాను. ఆ ఊళ్ళో మనుషుల్ని కలిపే విద్య ఒకటుంది, అది చెప్పకపోతే కోసాడీహ్ గురించి ఏమీ చెప్పనట్టే.

శ్రావణంలో ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, వెలుతురు తగలని గదిలో పెట్టి పసుపునీళ్ళతో పెంచుతారు. వెలుతురు లేదు కాబట్టి మొలకలు పచ్చగా రావు, లేత పసుపు రంగులో వస్తాయి. వాటిని భోజలి అంటారు. రాఖీ మర్నాడు ఆ బుట్టలు తలల మీద పెట్టుకుని, పాడుకుంటూ శివనాథ్‌కి వెళ్ళి కలుపుతారు. కొన్ని మొలకలు మిగుల్చుకుని, మనసుకి నచ్చిన మనిషి చెవి మీద పెడతారు. అంతే. ఆ క్షణం నుంచి వాళ్ళిద్దరూ జన్మకి నేస్తాలు. ఒకరినొకరు పేరుపెట్టి పిలవరు. ఆమె ఈమెకి "భోజలి", ఈమె ఆమెకి "భోజలి". కులం అడగరు. ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లో పొయ్యి వెలగదు.

మగవాళ్ళలో మితాన్ అంటారు. నాకూ ఒక మితాన్ ఉన్నాడు. మిల్లుకి సైకిలు మీద వచ్చే మనిషి, ఆ ఊరివాడే. ఖిలేశ్వర్ వాళ్ళింటికీ ఆయనింటికీ చుట్టరికం లేదు, ఆ భయం పెట్టుకోకు. నా పెళ్ళయిన కొత్తలో కట్టుకున్నాం ఆ స్నేహం, ఆ తర్వాత ఆయన పేరు నా నోట రాలేదు. ఒకసారి ఆయన పొలం తగాదాలో దుర్గ్ కోర్టుకి నన్ను సాక్షిగా పిలిచారు. "ఈ మనిషి నీకు తెలుసా?" అన్నాడు వకీలు. తెలుసన్నాను. "పేరు చెప్పు" అన్నాడు. చెప్పనన్నాను. "తెలీదా?" తెలుసు, చెప్పను. వకీలు గంతులేశాడు. బల్ల వెనక కూర్చున్న జడ్జీగారు ఈ ప్రాంతం మనిషి. కళ్ళజోడు తీసి, "వకీల్ సాబ్, కూర్చోండి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం మీకు దొరకదు" అన్నాడు. పొలం నిలబడింది.

మీ అత్త నా పేరు ఎత్తదు గదా, అదీ ఇలాంటిదే అనుకునేవు. అది వేరు. అది కోపం.

ఈ మితాన్, భోజలి వరసల్లో ఒక చిక్కు ఉంది. ఇద్దరు నేస్తాలైతే వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే పాపమంటారు. రక్తం కంటే గట్టిగా పట్టుకుంటారు ఆ వరసని.

నువ్వొచ్చేది ఆగస్టులోనే కదా. రాఖీకి వస్తే భోజలి కూడా చూసి వెళ్ళొచ్చు.

మీ మావయ్య.


విజయనగరం,
ఆగస్టు మొదట్లో.

మావయ్యకి,

రాఖీ రోజుకే టిక్కెట్టు తీసుకున్నాను. మా బడికి మూడు రోజులు సెలవు పెట్టాను. హిందీ టీచరు లేకపోతే పిల్లలు బెంగపెట్టుకోరులే.

భోజలి సంగతి చాలా బాగా రాశావు. కొన్ని అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ మొలకలు ఎవరైనా ఎవరికైనా పెట్టొచ్చా? నాలాంటి పరాయిదైనా? రెండో మనిషిని ముందు అడగాలా, అడక్కుండా పెట్టేస్తే చెల్లుతుందా? ఒకసారి పెట్టాక తీసేయడానికి దారి ఏదైనా ఉందా?

ఈ ఆచారం సంగతి నీలిమకి తెలుసో లేదో. తెలియకపోతే నువ్వు చెప్పకు. వాళ్ళింట్లోనూ నేనడిగానని అనకు.

భాగ్యరేఖ.


రుఆబాంధా, భిలాయి,
ఆగస్టు రెండో వారం.

రేఖా,

నీ ఉత్తరం చదివి జేబులో పెట్టుకున్నాను. మీ అత్త "ఏటి రాసింది?" అంటే "రైలు టైము" అన్నాను. మీ అత్తతో నేనాడిన అబద్ధాల్లో ఇది చిన్నదే గానీ, ఎందుకో మింగుడుపడలేదు.

అడిగినవాటికి జవాబులు. ఎవరైనా పెట్టొచ్చు. పరాయిదైతే మరీ సంతోషిస్తారు. అడగాలన్న నియమం లేదు, మనసు కలిసిందని తెలిస్తే చాలు. పెట్టాక తీసే దారి లేదు. అందుకే దాన్ని అంత గౌరవంగా చూస్తారు.

దారి అడిగినవాళ్ళకి దారి చెప్పాలి. ఎందుకెళ్తున్నావని అడగడం దారి చెప్పేవాడి పని కాదు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పను. కంటికి ఆపరేషను అయింది కాబట్టి నీతో రాలేను. వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు.

ఒక్కటి మాత్రం అననీ. ఆ మొలకలు ఎవరూ పొలంలో వెయ్యరు, కోత కొయ్యరు, అమ్మరు. స్నేహం కలపడం తప్ప వాటికి వేరే పనేమీ లేదు.

వాసుదేవరావు.


విజయనగరం,
ఆగస్టు చివర.

మావయ్యకి,

దుర్గ్ దాకా వచ్చి నిన్ను చూడకుండా వెళ్ళిపోయానని అత్తకి కోపం వచ్చి ఉంటుంది. సెలవు లేదని చెప్పించాను. సెలవు ఉంది. నీకు ఎదురుపడి చెప్పలేక రాలేదు. రాస్తే చెప్పగలను.

నువ్వు చెప్పినట్టే కాళ్ళకి నీళ్ళు వచ్చాయి. తెచ్చింది ఖిలేశ్వర్ తల్లి బిసాహిన్ బాయే. నా భుజం దాకా వస్తుందేమో మనిషి. చేతులనిండా పచ్చబొట్లు. పేడతో అలికిన నేల ఎంత శుభ్రంగా ఉందంటే, మన ముగ్గు మీద కాలు వెయ్యడానికి జంకినట్టు జంకాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే వీధిలో ఇంటింటి నుంచీ ఒక్కొక్క గిన్నె వచ్చింది. అన్నీ ఆకుకూరలే, ఏ ఒక్కటీ నాకు పేరు తెలిసినది కాదు. ఒకింటి చుట్టం వీధికంతా చుట్టమట.

ఆ రెండు రోజులూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు మావయ్యా. జీతమెంతని అడగలేదు, ఆయన ఎలా పోయారని అడగలేదు, ఒక్కర్తివీ ఎలా ఉంటున్నావని జాలిపడలేదు. మన వీధిలో ఇవన్నీ చెప్పి చెప్పి నా నోరు అరిగింది. అక్కడ ఉత్తినే కూర్చోనిచ్చారు. నా పుస్తకాల హిందీ విని పిల్లలు నవ్వారు. "దీదీ రేడియోలా మాట్లాడతాది" అన్నారు.

ఇదంతా చూశాక కూడా నేను అనుకున్నది మానలేదు. ఏం అనుకున్నానో నువ్వు అప్పుడే కనిపెట్టావు. కాదని నోటితో అంటే నీలిమ జీవితాంతం నా ముఖంలో ఆ "కాదు"ని చూస్తుంది. అదే బిసాహిన్ బాయికి భోజలి పెట్టేస్తే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళవుతారు, తప్పు నాది కాదు, తెలియక చేసినది. పైగా స్నేహం.

నది దగ్గర బుట్టలు కలిపాక ఆడవాళ్ళు మొలకలు కడుగుతున్నారు. నేనూ కొన్ని తీసుకున్నాను. బిసాహిన్ బాయి దగ్గరికి వెళ్ళి, నవ్వుతూ, ఆమె చెవి వైపు చెయ్యి ఎత్తాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గేదెల్ని కట్టే చెయ్యి అది, కదలనివ్వలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో, "మా చుట్టానికి ఎండ తగిలినట్టుంది, నీడకి తీసుకెళ్తాను" అంది. గట్టు కింద రాయి మీద కూర్చోబెట్టింది. ఆమె తన భాషలో మెల్లగా మాట్లాడింది, నాకు అర్థమైంది.

"నీకు ఎవరు చెప్పారు ఇది?"

"మా మావయ్య."

"క్రేను బాబూనా? ఆయన కడుపులో ఏ మాటా అరగదు." నా చేతిలో మొలకలకేసి చూసి, "అంటే మా అబ్బాయి వద్దా?" అంది.

ఆమె చీర కొంగు ముడి విప్పింది. అందులో పసుపు మొలకలు, వాడిపోయి ఉన్నాయి.

"పొద్దున్న బుట్టలు ఎత్తకముందే తీసి కట్టుకున్నాను. నీ చెవి మీద పెట్టేద్దామని. రెండుసార్లు నీ వెనక దాకా వచ్చి ఆగాను."

నాకు సిగ్గేయాలి కదా. వెయ్యలేదు. ఒళ్ళు మండింది. "మా పిల్లకి ఏం తక్కువ?" అన్నాను.

"మా వాడికి ఏం తక్కువ? ముందు చెయ్యెత్తింది నువ్వు."

"ముందు కొంగున కట్టుకుంది మీరు."

"మీ అమ్మాయి రొట్టె చేస్తే గేదెలు కూడా ఆలోచిస్తాయి."

"మీ అబ్బాయి ఫోనులో నమస్తే అని, ఆ తర్వాత ఊపిరి వినిపిస్తాడు. మాటలు కొనుక్కోవాలా?"

"వాళ్ళ నాన్న పోలిక. మాట లేదు గానీ మనసు ఉంది."

"మా పిల్ల డాక్టరు."

"కాదన్నానా? పొదుగువాపు వచ్చిన గేదె పక్కన మూడు రోజులు కూర్చుంది. మా అత్తగారికి కూడా నేను అంత చెయ్యలేదు."

"మరి ఎందుకు వద్దు?"

ఆమె నదికేసి చూసింది. "చదువుకున్న పిల్ల. నాలుగేళ్ళుండి వాణ్ణి తీసుకుని మీ సముద్రం వైపు వెళ్ళిపోతుంది. నాకు ఉన్నది వాడొక్కడే."

నేను చెప్పాల్సిన మాటని ఆమె నోట విన్నాను. "నాకూ అదొక్కతే" అన్నాను. ఆమె తలూపింది. ఆ తర్వాత తన కొంగులోవీ నా చేతిలోవీ కలిపి నీళ్ళలో వేసింది. "ఇప్పుడు ఏదైనా నోటితోనే చెప్పాలి" అంది.

నేను ఆ ఊరంతా వెతికింది ఒక్క వంక కోసం. నాలాగే ఒక్క బిడ్డని పట్టుకుని కూర్చునే మనిషి ఇంకొకతి అక్కడ ఉందని తెలిశాక నా దగ్గర వంక మిగల్లేదు. "నాకు ఇష్టమే" అన్నాను. "నాకు కూడా. కానీ రొట్టెలు నేను నేర్పుతాను" అంది.

ఇంటికొచ్చేసరికి కొట్టంలో గేదె ఈనుతోంది, దూడ అడ్డం తిరిగిందట. ఖిలేశ్వర్ తాడు పట్టుకుని ఉన్నాడు. నీలిమ నేల మీద బోర్లా పడుకుని ఉంది, చెయ్యి భుజం దాకా గేదె లోపల. నేను ఆ వాసనలో, ఆ తడిలో నిలబడి, ఇన్నాళ్ళు దాచుకున్న మాట చెప్పేశాను. "నీలిమా, నేను ఒప్పుకున్నానే" అన్నాను.

"ఉండమ్మా, కాళ్ళు దొరికీసేయి" అంది.

ఖిలేశ్వర్ మాత్రం విన్నాడు. తాడు వదిలేశాడు. "పట్టుకో" అని నేనూ బిసాహిన్ బాయీ ఒకేసారి అరిచాం. చివరికి నలుగురం లాగాం. పెయ్యదూడే. తల్లి దాన్ని నాకుతుంటే నీలిమ లేచి, చేతులు కడుక్కుని, అప్పుడు నా దగ్గరికొచ్చి, "ఇందాక ఏటన్నావు?" అంది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికైంది.

పెళ్ళి కార్తీకంలో. అత్తకి నువ్వే చెప్పు.

భాగ్యరేఖ.


రుఆబాంధా, భిలాయి,
సెప్టెంబరు.

అమ్మా రేఖా,

మీ అత్తకి చెప్పాను. పవర్ హౌస్ బజారుకి బయల్దేరింది, ఆపడం నా వల్ల కాలేదు.

నిన్న బిసాహిన్ బాయి కొడుకు మోటారుసైకిలు వెనక కూర్చుని మా ఇంటికొచ్చింది. టమాటాలు తెచ్చింది. కాసేపు వాన సంగతి, వరి సంగతి అయ్యాక, పెళ్ళి మాట్లాడుకోవడానికి మీ ఊరు వస్తున్నానంది. "బాబూ, విజయనగరం వెళ్ళేవాళ్ళు అక్కడ ఎలా మసలుకోవాలి? ఏం చేస్తే తప్పు? చెప్పు" అంది.

నేను నోరు తెరిచాను. తెరిచి మూశాను. నా దగ్గరున్నది యాభయ్యేళ్ళ కిందటి విజయనగరం. అది చెబితే ఆవిడ స్టేషన్లోనే తప్పిపోతుంది. జీవితంలో మొదటిసారి నేను మాటకి తడుముకోవడం చూసి మీ అత్త వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

కాబట్టి ఈసారి నువ్వు రాయి. హిందీలోనే రాయి, ఖిలేశ్వర్ చదివి వినిపిస్తాడు. ఏ రైలు, ఎక్కడ దిగాలి, మీ వీధివాళ్ళు ఏం అడుగుతారు, ఏం చెప్పి తప్పించుకోవాలి, అవన్నీ నీ ఇష్టం. ఆవిడ అన్నిటికంటే ముందు నన్నడిగింది మాత్రం వేరే. "పిల్ల తల్లికి ఏం తినడమంటే ఇష్టం? వండి తెస్తాను" అంది. నువ్వు పుట్టినప్పటి నుంచీ నిన్ను ఎరుగుదును, నాకు తెలియలేదు. మీ అత్తకీ తెలియలేదు. నీలిమని అడిగితే, "అమ్మ మిగిలినది తింటాది" అంది.

ముందు అది రాయి.

మీ మావయ్య,
వాసుదేవరావు.